గాల్ బ్లాడర్‌లో రాళ్లు: ఆపరేషన్ లేకుండా, ఆయుర్వేదంతో ఎంతవరకు కుదురుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

స్కానింగ్ సెంటర్లు చిన్న పట్టణాలకూ వచ్చాక పిత్తాశయంలో (గాల్ బ్లాడర్‌లో, అంటే కాలేయం తయారుచేసే పిత్తాన్ని దాచుకునే చిన్న సంచిలో) రాళ్లు బయటపడటం బాగా పెరిగింది. రిపోర్టు చేతికి రాగానే సర్జన్ ఆపరేషన్ అంటారు, చుట్టాలేమో ఫలానా ఊళ్లో ఆకుమందు ఇస్తారంటారు. ఆపరేషన్ లేకుండా గడుస్తుందా అనేది ఒక ప్రశ్న, ఆయుర్వేదంతో రాయి కరుగుతుందా అనేది ఇంకో ప్రశ్న. రెండూ ఒకటే అనుకోవడంతోనే గందరగోళం మొదలవుతుంది. కింది జవాబుల్లో వాటిని వేరుగానే చూశాం.

వేరే దేనికో స్కాన్ తీస్తే గాల్ బ్లాడర్‌లో రాయి ఉందన్నారు. నాకు నొప్పేమీ లేదు. ఆపరేషన్ తప్పదా?

చాలావరకు అక్కర్లేదు. నొప్పి లేని రాళ్లను డాక్టర్లు 'సైలెంట్ స్టోన్స్' అంటారు. రాళ్లున్నవాళ్లలో నూటికి 80 మంది దాకా జీవితమంతా ఏ బాధా లేకుండానే గడిపేస్తారు. ఇలాంటివాళ్లలో ఏడాదికి నూటికి ఇద్దరికో ముగ్గురికో మించి నొప్పి మొదలవదు. అందుకే నొప్పి లేని రాయికి వెంటనే ఆపరేషన్ చేయమని అల్లోపతి మార్గదర్శకాలు కూడా చెప్పవు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి తర్వాత చెబుతాను.

ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి. ఆకుమందు వాడి 'పదేళ్లయినా నాకేమీ కాలేదు' అనేవాళ్లలో ఎక్కువమందికి ఆ మందు వాడకపోయినా ఏమీ అయ్యేది కాదు.

నాకొచ్చేది గ్యాస్ నొప్పా, రాయి నొప్పా?

రాయి నొప్పికి కొన్ని గుర్తులున్నాయి. కడుపు పైభాగంలో మధ్యన గానీ, కుడివైపు పక్కటెముకల కింద గానీ వస్తుంది. అక్కడి నుంచి వీపుకో, కుడి భుజం దాకానో పాకుతుంది. బాగా నూనె, మసాలా ఉన్న భోజనం చేసిన గంటా రెండు గంటలకు, తరచుగా రాత్రిపూట మొదలవుతుంది. కనీసం అరగంట, ఒక్కోసారి నాలుగైదు గంటలు పట్టి ఉండి తర్వాత వదిలేస్తుంది. వాంతి అయినా, తేన్పు వచ్చినా, అటూ ఇటూ తిరిగినా తగ్గదు.

కడుపుబ్బరం, పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట మాత్రమే ఉంటే అది రాయి వల్ల అని ఖాయంగా చెప్పలేం. ఇలాంటివాళ్లు ఆపరేషన్ చేయించుకున్నాక కూడా 'గ్యాస్ తగ్గలేదండీ' అంటూ వస్తుంటారు. ఆయుర్వేద వైద్యుడి దగ్గర మంచి ఫలితం కనిపించేది కూడా ఎక్కువగా వీళ్లకే. అజీర్తి తగ్గుతుంది, దాంతో రాయి తగ్గిందనుకుంటారు.

ఒక జాగ్రత్త. 40 దాటినవాళ్లకు, షుగరో బీపీయో ఉన్నవాళ్లకు కడుపు పైభాగంలో నొప్పి, చెమటలు, ఆయాసం కలిసి వస్తే ముందు ఈసీజీ తీయించాలి. గుండెపోటు కూడా గ్యాస్ నొప్పి లాగే రాగలదు.

ఇక అసలు ప్రశ్న. ఆయుర్వేద మందులతో పిత్తాశయంలో రాయి కరుగుతుందా?

కరుగుతుందని నమ్మకంగా చెప్పడానికి తగినంత ఆధారం ఇప్పటివరకు లేదు. ఒకరిద్దరు రోగుల అనుభవాలను రాసిన వ్యాసాలు ఆయుర్వేద పత్రికల్లో వస్తుంటాయి. మందు వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ పోల్చి, ముందూ వెనకా స్కాన్లు తీసి, పెద్ద సంఖ్యలో రోగులను చూసి తేల్చినదేదీ లేదు.

ఎలుకల మీద చేసిన పని ఉంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)లో మెంతులు, వెల్లుల్లి, ఉల్లి, పసుపులోని కర్కుమిన్ మీద ప్రయోగాలు చేశారు. కొవ్వు మేత పెట్టిన చిట్టెలుకల్లో కొలెస్టరాల్ రాళ్లు ఏర్పడటం వీటివల్ల తగ్గింది. మంచి పనే. అయితే చిట్టెలుకలో రాయి ఏర్పడకుండా ఆపడం వేరు, యాభై ఏళ్ల మనిషిలో ఎప్పుడో గట్టిపడిన 14 మిల్లీమీటర్ల రాయిని కరిగించడం వేరు.

మరి స్కాన్ రిపోర్టులు పక్కపక్కన పెట్టి 'ముందు, తర్వాత' అని చూపిస్తున్నారు కదా?

ఆ రిపోర్టులు దొంగవి కానక్కర్లేదు. మందు ప్రమేయం లేకుండానే రెండో స్కాన్‌లో రాయి కనబడకపోవడానికి చాలా కారణాలున్నాయి.

మొదటిది, అది రాయే కాకపోవచ్చు. పిత్తరసం చిక్కబడి ఇసుకలా పేరుకుంటే రిపోర్టులో 'స్లడ్జ్' అని రాస్తారు. గర్భిణుల్లో, చాలా రోజులు నోటితో తిండి లేనివాళ్లలో ఇది వస్తుంది. కాన్పు అయ్యాకో, మామూలుగా తినడం మొదలెట్టాకో చాలామందిలో దానంతటదే పోతుంది.

రెండోది మనవాళ్లు బాగా తెలుసుకోవాల్సింది. టైఫాయిడ్‌కో, ఇంకే ఇన్ఫెక్షన్‌కో సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు వేయించుకున్న కొందరిలో ఆ మందే కాల్షియంతో కలిసి పిత్తాశయంలో పేరుకుని, స్కాన్‌లో అచ్చం రాయిలాగే కనబడుతుంది. పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఇంజెక్షన్లు ఆపిన కొన్ని వారాల్లో మాయమవుతుంది. ఆ కొన్ని వారాలూ ఎవరి మందు వాడితే పేరు వాళ్లకే వస్తుంది.

మూడోది, పరగడుపున కాకుండా ఏదో తిని స్కాన్‌కి వెళ్తే పిత్తాశయం ముడుచుకుపోయి లోపలున్నది సరిగా కనబడదు. పేగుల్లో గ్యాస్ అడ్డొచ్చినా అంతే.

నాలుగోది భయపడాల్సినది. చిన్న రాయి పిత్తాశయంలోంచి జారి పిత్తనాళంలోకి వెళ్లి ఉండొచ్చు. కొన్నిసార్లు అది పేగులోకి జారిపోయి బయటికి పోతుంది. కొన్నిసార్లు నాళానికి అడ్డంపడి కామెర్లు తెస్తుంది, లేదా పాంక్రియాస్‌ను (క్లోమ గ్రంథిని) వాపుకు గురిచేస్తుంది. 'రాయి పోయింది' అని సంబరపడేముందు అది ఎటు పోయిందో చూడాలి. చిన్న రాయి కాబట్టి ప్రమాదం చిన్నదని అనుకోవద్దు. జారే అవకాశం దానికే ఎక్కువ.

కొండపిండి ఆకు, ఉలవచారు తీసుకుంటే రాళ్లు పడిపోతాయంటారు. నిజమేనా?

ఆ పేరు కిడ్నీ రాళ్లకు సంబంధించినది. మూత్రం ఎక్కువ వస్తే చిన్న కిడ్నీ రాయి కొట్టుకుపోవచ్చు. పిత్తాశయం మూత్రం దారిలో లేదు. ఎన్ని లీటర్ల నీళ్లు తాగినా, కొండపిండి కషాయం ఎంత తాగినా అది అక్కడి రాయిని తాకదు. రాళ్ల పదార్థం కూడా వేరు. కిడ్నీ రాళ్లలో ఎక్కువ కాల్షియం ఆక్సలేట్, పిత్తాశయ రాళ్లలో కొలెస్టరాల్ గానీ, బిలిరుబిన్ రంగు పదార్థం గానీ ఉంటాయి. టమాటా, పాలకూర మానమనే సలహా కూడా కిడ్నీ రాళ్ల నుంచి అరువొచ్చినదే.

ఉలవచారు మాత్రం పలచగా, మీగడ వేయకుండా తాగండి. అందులో పీచూ ప్రొటీనూ ఉన్నాయి, నష్టం లేదు. ఫంక్షన్లలో పైన పోసే ఆ మీగడతోనే ఇబ్బంది.

ఆయుర్వేద గ్రంథాల్లో ఈ జబ్బు గురించి ఏముంది?

ఇప్పుడు వైద్యులు 'పిత్తాశ్మరి' అని రాస్తున్నారు గానీ, చరక, సుశ్రుత సంహితల్లో అశ్మరి అంటే మూత్రాశయంలో వచ్చే రాయే. పిత్తాశయ రాయికి విడిగా అధ్యాయం లేదు. ఆ రోజుల్లో స్కాన్ లేదు కాబట్టి అందులో వింతేమీ లేదు.

అయితే ఆ వైద్యుల పరిశీలన ఎంత పదునైనదో చూడండి. చరక సంహిత చికిత్సాస్థానంలో పాండురోగం గురించి చెబుతూ, కఫం పిత్తం దారిని అడ్డుకుంటే వచ్చే కామెర్లను వేరు చేసి చెప్పారు. ఆ రోగి మలం నూరిన నువ్వుల ముద్దలా తెల్లగా ఉంటుందని గుర్తు ఇచ్చారు. పిత్తనాళం మూసుకుపోయినప్పుడు ఇవాళ్టి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న కూడా 'మలం తెల్లగా అవుతోందా' అనే.

ఇంకొకటి. ఆయుర్వేదానికీ శస్త్రచికిత్సకూ పడదన్నట్టు మాట్లాడేవాళ్లు సుశ్రుతుడిని మరిచిపోతారు. మూత్రాశయ రాయి నెయ్యి మందులకూ కషాయాలకూ లొంగకపోతే కోసి తీయడం ఎలాగో ఆయన వివరంగా చెప్పాడు. నేర్పరి చేసినా ఫలితం ఖాయం కాదు కాబట్టి ముందు రాజు అనుమతి తీసుకోమన్నాడు. మందుకు హద్దు ఎక్కడుందో తెలిసిన మనిషి రాసిన గ్రంథం అది.

వైద్యులు సాధారణంగా ఏ మందులు ఇస్తారు? వాటితో ప్రమాదం ఉందా?

ఒక్కొక్కటిగా చూద్దాం.

కటుకరోహిణి: హిమాలయాల్లో పెరిగే చేదు వేరు. పిత్తం స్రవించేలా చేస్తుంది, విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. అజీర్తికి, మలబద్ధకానికి పనికొస్తుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఉన్నప్పుడు మాత్రం పిత్తాన్ని పెంచే ఏ మందైనా నొప్పిని పెంచగలదు.

నేలఉసిరి: మన పల్లెల్లో కామెర్ల పసరు అంటే ఎక్కువగా ఇదే. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు మంచి పేరొచ్చింది. రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు అలా తగ్గవు. బయటికి చూస్తే రెండు రకాల్లోనూ కళ్లు ఒకేలా పచ్చబడతాయి. కామెర్లు ఏవైనా సరే, పసరుకి వెళ్లేముందు ఒక రక్తపరీక్ష, ఒక స్కాన్ చేయించాల్సిందే. చేతిమీద వాత పెట్టించుకోవడం గురించి చెప్పడానికేమీ లేదు, మానేయండి.

ఆరోగ్యవర్ధిని: కాలేయ సమస్యలకు ఎక్కువగా రాసే మాత్ర. సగం భాగం కటుకరోహిణే. మిగతా సగంలో పాదరసం, గంధకం కలిపి నూరిన కజ్జలి, తామ్ర (రాగి) భస్మం, లోహ (ఇనుము) భస్మం, అభ్రక భస్మం కూడా ఉంటాయి. శాస్త్రప్రకారం శుద్ధి చేసి చేయాలి. అందరూ అలా చేస్తారని హామీ లేదు. వైద్యుడు చూసి ఇచ్చినన్ని రోజులు వాడటం వేరు, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఏడాది పొడవునా మింగడం వేరు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోవద్దు.

తిప్పతీగ: కరోనా కాలంలో అందరూ తెగ వాడారు. 2021లో ముంబై వైద్యులు కొందరు రోగుల్లో దీనివల్ల కాలేయం దెబ్బతిన్నట్టు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, అదే జాతికి చెందిన వేరే తీగ వాడి ఉంటారని వాదించింది. వాదన ఎటు తేలినా, పెరట్లో దొరికిన తీగను గుర్తుపట్టడంలో పొరపాటు జరగగలదని ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టే. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు దీనివల్ల షుగర్ మరీ పడిపోవచ్చు కూడా.

పసుపు: కూరలో వేసే చిటికెడుకు ఢోకా లేదు. క్యాప్సూళ్లలో వచ్చే గాఢమైన కర్కుమిన్ విషయం వేరు. కర్కుమిన్ పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుందని ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షల్లో తేలింది. రాళ్లున్నవాళ్లకు అది నొప్పిని రేపవచ్చు.

పంచకర్మ చేయించుకుంటే?

దీని గురించి ఎవరూ ముందే చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పిత్త సంబంధమైన జబ్బులకు విరేచన కర్మ ముఖ్యం. దానికి ముందు స్నేహపానం ఉంటుంది. అంటే మూడు నుంచి ఏడు రోజులు ఉదయాన్నే మందు కలిపిన నెయ్యి తాగాలి, రోజురోజుకీ మోతాదు పెంచుతారు. పిత్తాశయం బలంగా ముడుచుకునేది కొవ్వు పేగులోకి దిగినప్పుడే. రాళ్లతో నిండిన పిత్తాశయానికి పరగడుపున అంత నెయ్యి తగిలితే ఒక రాయి వచ్చి పిత్తాశయం మెడ దగ్గర ఇరుక్కునే అవకాశం ఉంది. నొప్పి వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు ఇది మరీ రిస్కు. మంచి వైద్యులు ఇలాంటివాళ్లకు స్నేహపానం వద్దనే అంటారు. మీ రిపోర్టు దాచకుండా చూపించండి, 'నాకు నెయ్యి తాగిస్తారా' అని నేరుగా అడగండి.

అభ్యంగనం (నూనె మర్దన), స్వేదనం (చెమట పట్టించడం) లాంటివి ఒంటికి హాయినిస్తాయి. వాటివల్ల రాయికి ఏమీ కాదు, మంచైనా చెడైనా.

ఆలివ్ నూనె, నిమ్మరసం, ఎప్సమ్ సాల్ట్ తాగితే ఆకుపచ్చ రాళ్లు బయటపడ్డాయి. వీడియో కూడా ఉంది!

పడినవి సబ్బు ముద్దలు. నూనె, నిమ్మరసం, జీర్ణరసాలు పేగులో కలిసి గట్టిపడి అలా తయారవుతాయి. ఇలా పడిన 'రాళ్లను' పరీక్ష చేయించి 2005లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. వాటిలో కొలెస్టరాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. వేడి తగిలితే కరిగిపోయాయి. నిజమైన పిత్తాశయ రాయి అలా కరగదు. ఇది ఆయుర్వేదం కూడా కాదు, ఏ సంహితలోనూ ఆలివ్ నూనె లేదు.

అల్లోపతిలో రాయిని కరిగించే మాత్ర ఉందట కదా?

ఉంది. ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్. ఎలుగుబంటి పిత్తంలో మొదట దొరికిన పదార్థం, ఇప్పుడు ఫ్యాక్టరీల్లో తయారవుతుంది. కిలో బరువుకు రోజుకు 8 నుంచి 10 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా వాడాలి. రాయి కొలెస్టరాల్‌ది అయి ఉండాలి, కాల్షియం పేరుకుని ఉండకూడదు, 10 మిల్లీమీటర్లు దాటకూడదు, పిత్తాశయం బాగా పనిచేస్తూ ఉండాలి. ఇన్నీ కుదిరి కరిగినా, ఐదేళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తాయి.

దక్షిణ భారతంలో ఇంకో చిక్కుంది. ఉత్తరాదిన రాళ్లు ఎక్కువగా కొలెస్టరాల్‌వి. మన దక్షిణాదిన నల్లటి, ముదురు గోధుమ రంగు పిగ్మెంట్ (బిలిరుబిన్) రాళ్లు, కలగలుపు రాళ్లు ఎక్కువ. పిగ్మెంట్ రాయిని ఈ మాత్ర కరిగించలేదు. అందుకే మన డాక్టర్లు దీన్ని అందరికీ రాయరు. కిడ్నీ రాళ్లకు వాడే షాక్ వేవ్ చికిత్స పిత్తాశయ రాళ్లకు కూడా కొన్నాళ్లు వాడారు గానీ, మళ్లీ రాళ్లు వస్తుండటంతో దాదాపు మానేశారు.

సరే, తిండి విషయంలో ఏం చేయాలి? పథ్యం అంటే పూర్తిగా నూనె మానేయాలా?

మానొద్దు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఒక్క చుక్క నూనె లేకుండా తింటే పిత్తాశయం సరిగా ముడుచుకోదు, పిత్తం లోపలే నిలవుండి ఇంకా చిక్కబడుతుంది. వేళకి తినడం, మితంగా తినడం, రాత్రి త్వరగా తినడం అనే మన పాత పథ్యం నియమాలు ఈ జబ్బుకు బాగా సరిపోతాయి. ఆయుర్వేదం నుంచి ఒకటే తీసుకోవాలంటే నేను మందుల కంటే ఇదే తీసుకుంటాను.

మామూలు రోజుల్లో ఇడ్లీ, రాగి సంగటి, జొన్న రొట్టె, పెసరపప్పు, బీరకాయ, సొరకాయ, ఆకుకూరలు, మీగడ తీసిన మజ్జిగ హాయిగా తినొచ్చు. దంపుడు బియ్యం, చిరుధాన్యాలతో పీచు పెరుగుతుంది. పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి వేసుకుంటే ఏమీ కాదు. గిన్నెడు వంచుకుంటే అవుతుంది. ఆవకాయ పైన తేలే నూనె, పునుగులు, మిర్చి బజ్జీలు, బిర్యానీ, మటన్ కొవ్వు, బేకరీ పఫ్‌లు, వనస్పతితో చేసిన స్వీట్లు తగ్గించండి. ఆవకాయ ముక్క నాలుక్కి రాసుకుంటే పెద్దగా నూనె లోపలికి పోదు, ముక్క చుట్టూ ఉన్న నూనెతో అన్నం కలుపుకుంటేనే ఎక్కువ పోతుంది!

నొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు రోజులు పలచటి జావ, పెసరకట్టు, మెత్తటి అన్నం, చారు చాలు.

గుప్పెడు పల్లీలో బాదమో రోజూ తినేవాళ్లలో, కాఫీ తాగేవాళ్లలో రాళ్ల బాధ తక్కువని పెద్ద సర్వేల్లో కనబడింది. అంతమాత్రాన దాన్ని మందనుకుని రోజుకి ఆరు కప్పులు తాగనక్కర్లేదు. తాగే అలవాటున్నవాళ్లు మానాల్సిన పని లేదంతే.

ఉపవాసాలు చేయొచ్చా? బరువు తగ్గితే రాళ్లు తగ్గుతాయా?

కార్తీక సోమవారం ఒక పూట ఉపవాసంతో ఏమీ కాదు. రాత్రి దీపం పెట్టాక ఖాళీ కడుపు మీద గారెలు, బూరెలు దండిగా తినడంతోనే తంటా. రోజుల తరబడి నీళ్ల మీద, రసాల మీద ఉండే నిరాహార దీక్షలు, పిచ్చిగా బరువు తగ్గించే డైట్లు మాత్రం రాళ్లను పుట్టిస్తాయి. వారానికి ఒకటిన్నర కిలో కంటే వేగంగా తగ్గితే కాలేయం పిత్తంలోకి కొలెస్టరాల్‌ను ఎక్కువగా వదులుతుంది, పిత్తాశయం సరిగా ఖాళీ కాదు. వారానికి అరకిలో నుంచి కిలో చాలు. బరువు తగ్గితే కొత్త రాళ్ల అవకాశం తగ్గుతుంది. ఉన్న రాయి పోదు.

ఏ లక్షణాలు వస్తే ఆయుర్వేదం, ఇంటివైద్యం అన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి?

నొప్పి ఐదారు గంటలైనా వదలకపోతే. జ్వరం, చలి వణుకు తోడైతే. కళ్లు, మూత్రం పచ్చబడి మలం తెల్లగా వస్తే. కడుపు పైభాగంలో భరించలేని నొప్పి వీపులోకి దూసుకెళ్తూ వాంతులు ఆగకపోతే. మొదటి రెండూ పిత్తాశయం వాచిందని, మూడోది నాళం మూసుకుందని, నాలుగోది పాంక్రియాస్ వాచిందని అనుమానించాల్సిన గుర్తులు. జ్వరం, చలి, కామెర్లు మూడూ కలిస్తే పిత్తనాళంలో చీము పట్టి ఉండొచ్చు. అప్పుడు తెల్లారనిద్దాం అని ఆగకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకూ, వయసు మళ్లినవాళ్లకూ నొప్పి అంతగా తెలియకుండానే ఇవన్నీ జరగొచ్చు.

నొప్పి లేకపోయినా ఆపరేషన్ చేయించుకోవాల్సింది ఎవరు?

రాయి 3 సెంటీమీటర్లు దాటినవాళ్లు, రాయితో పాటు 10 మిల్లీమీటర్లు గానీ అంతకంటే పెద్దది గానీ పాలిప్ (లోపలి గోడ మీద పెరిగిన కండ) ఉన్నవాళ్లు, పిత్తాశయం గోడలో కాల్షియం పేరుకున్నవాళ్లు సర్జన్‌తో మాట్లాడాలి. వీళ్లలో పిత్తాశయ క్యాన్సర్ అవకాశం కొంచెం ఎక్కువ. ఈ క్యాన్సర్ గంగా పరీవాహక రాష్ట్రాల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువే.

సికిల్ సెల్, తలసీమియా అనే రక్త జబ్బులు ఉన్నవాళ్లకు చిన్న వయసులోనే పిగ్మెంట్ రాళ్లు వస్తాయి. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో సికిల్ సెల్ ఉంది కాబట్టి, అక్కడి పదిహేనేళ్ల పిల్లాడికి రాళ్లు కనబడితే ముందు రక్తం సంగతి చూడాలి. రాయి ఒక్కటే చూసి వదిలేస్తే అసలు జబ్బు మిగిలిపోతుంది.

గర్భిణికి రాళ్లు బయటపడితే?

నొప్పి లేకపోతే కాన్పు అయ్యేదాకా ఆగుతారు. నొప్పి పదేపదే వస్తుంటే నాలుగు నుంచి ఆరో నెల మధ్య లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా ఆపరేషన్) చేయడం సురక్షితమే. కటుకరోహిణి, విరేచనానికి ఇచ్చే మందులు, భస్మాలు ఏవీ ఈ సమయంలో వద్దు.

రాయి మాత్రం తీసి పిత్తాశయాన్ని ఉంచొచ్చు కదా? మొత్తం తీసేస్తే తిన్నది అరుగుతుందా?

రాయి తీసి సంచి ఉంచితే అదే సంచిలో మళ్లీ రాళ్లు పుడతాయి. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుఖ్ అనే సర్జన్ మొదటిసారి పిత్తాశయాన్నే తీసేసింది కూడా ఈ ఆలోచనతోనే. మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా లాపరోస్కోపీతో మొదలుపెట్టారు. ఇప్పుడు ఇది జిల్లా కేంద్రాల్లో మామూలు ఆపరేషన్. మూడు నాలుగు చిన్న రంధ్రాలు, చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికొస్తారు.

పిత్తాన్ని తయారుచేసేది కాలేయం. పిత్తాశయం దాన్ని దాచుకునే చిన్న సంచి, 30 నుంచి 50 మిల్లీలీటర్లు పడుతుంది. సంచి లేకపోతే పిత్తం నేరుగా పేగులోకి పోతుంది, తిన్నది అరుగుతుంది. కొందరికి కొన్ని వారాలు, అరుదుగా అంతకంటే ఎక్కువ కాలం, విరేచనాలు పలచగా అవుతాయి. ఆపరేషన్‌లో ప్రమాదమే లేదనను. వెయ్యి మందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి పిత్తనాళానికి గాయం కావచ్చు. అందుకే అనుభవం ఉన్న సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఆరోగ్యశ్రీ లాంటి పథకం మీకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఆపరేషన్ అయ్యాక ఆయుర్వేదం వాడొచ్చా?

వాడొచ్చు. ఆకలి మందగించడం, మలబద్ధకం, ఉబ్బరం లాంటివాటికి వైద్యుడి సలహాతో మజ్జిగలో వాము, జీలకర్ర, త్రిఫల వంటివి సాయపడతాయి. కుట్లు మానేదాకా ఆగి మొదలుపెట్టండి, విరేచనాలు పలచగా ఉన్నప్పుడు మాత్రం త్రిఫల వద్దు.

రెండు వైద్యాలూ కలిపి చేయించుకుంటే తప్పా?

దాచిపెట్టడం తప్పు. మీరు వాడే చూర్ణాలూ మాత్రలూ సర్జన్‌కూ, మత్తు డాక్టర్‌కూ చెప్పండి. కర్కుమిన్, వెల్లుల్లి క్యాప్సూళ్లు రక్తస్రావాన్ని పెంచగలవు. యష్టిమధు (అతిమధురం) ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఆపరేషన్‌కు ఎన్ని రోజుల ముందు ఏవి ఆపాలో వాళ్లే చెబుతారు.

నమ్మదగిన ఆయుర్వేద వైద్యుడిని ఎలా గుర్తుపట్టాలి?

బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చదివి రిజిస్టర్ అయినవాళ్లను చూడండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విజయవాడలో, వరంగల్‌లో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలున్నాయి, తిరుపతిలో టీటీడీ కళాశాల ఉంది. మంచి వైద్యుడు ముందు స్కాన్ రిపోర్టు అడుగుతాడు, కాలేయ పరీక్ష రాస్తాడు, 'ఇలాంటి నొప్పి వస్తే నా దగ్గరికి రావద్దు, ఆసుపత్రికి వెళ్లు' అని ముందే చెబుతాడు.

'గ్యారంటీగా 40 రోజుల్లో రాయి మాయం' అనే బోర్డు కనబడితే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. మందులతో పిత్తాశయ రాళ్లు నయమవుతాయని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నిషేధం. ఆ చట్టం షెడ్యూల్‌లో పిత్తాశయ, కిడ్నీ, మూత్రాశయ రాళ్లు పేరు పెట్టి ఉన్నాయి. పేరు, తయారీ లైసెన్స్ నంబరు, పదార్థాల జాబితా లేని పొట్లం మందు ఎంత చౌకగా వచ్చినా తీసుకోవద్దు.

నొప్పి ఒకటి రెండుసార్లు వచ్చింది. ఆయుర్వేదం వాడుతూ ఎన్నాళ్లు ఆగొచ్చు?

ఒకసారి ఖాయంగా రాయి నొప్పే వచ్చిందంటే మీరు ఆ 80 మందిలోంచి బయటికొచ్చేసినట్టే. మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అప్పటికి ఇంట్లో పెళ్లి ఉందనో, పిల్లల పరీక్షలున్నాయనో, సెలవు దొరకలేదనో ఆపరేషన్‌ను కొన్ని వారాలు వాయిదా వేసుకోవాల్సి వస్తే, ఆ వారాల్లో కొవ్వు తగ్గించి వేళకి తినండి, కొత్త ఆకుమందులేవీ మొదలుపెట్టకండి, అత్యవసరమైతే రాత్రిపూట ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఇంట్లో అందరికీ తెలిసేలా ఉంచండి. ఈలోగా ఒకసారి కాలేయ పరీక్ష చేయించి, నాళంలో రాయి ఉందన్న అనుమానం ఉంటే ఎంఆర్‌సీపీ స్కాన్ (పిత్తనాళాలను చూపించే ఎంఆర్ఐ) తీయించండి. పిత్తాశయం వాచి ఆసుపత్రిలో చేరితే అదే అడ్మిషన్‌లో, మొదటి కొద్ది రోజుల్లోనే ఆపరేషన్ చేయడం మేలని ఇప్పటి పద్ధతి.

పైన చెప్పిన మినహాయింపుల్లోకి రాని, నొప్పే లేనివాళ్లు ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు. ఊరికే మూడు నెలలకోసారి స్కాన్ తీయించుకుని మిల్లీమీటర్లు లెక్కబెట్టుకుంటే టెన్షన్ తప్ప ఇంకేమీ రాదు. ఒక మిల్లీమీటరు తేడా స్కాన్ తీసే చేతిని బట్టి కూడా వస్తుంది. ఏదైనా కొత్త లక్షణం కనబడినప్పుడు తీయించుకుంటే సరిపోతుంది.